పదిహేడు-ఏ సీటు అక్క

టీవీలో హైజాక్ సినిమా వస్తోందంటే అత్తాపూర్‌లోని మా ఇంట్లో అందరూ పనులు ఆపి కూర్చుంటారు. దొంగలు ఎప్పుడు దొరుకుతారా, హీరో ఏ తలుపు బద్దలు కొట్టుకుని వస్తాడా అని వాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. నేను మాత్రం ఏడో వరుసలో కూర్చున్న మనిషి చొక్కా గుండీ చూస్తుంటాను. ఇందాక పెట్టి ఉంది, ఇప్పుడు ఊడి ఉంది. "అదిగో, దొరికిపోయాడు!" అంటాను. "ఎవరు, విలనా?" అని అడుగుతారు. "కాదు, ఏజెంటు" అంటాను. అలాంటి ఏజెంటుగా నేను ముప్పై ఏళ్లకు పైగా బతికాను.

సినిమాలో పెళ్లి జరిగితే పెళ్లికి వచ్చిన చుట్టాలు, కోర్టు నడిస్తే బెంచీల మీద జనం, రైలు ఆగితే ప్లాట్‌ఫాం మీద ప్రయాణికులు కావాలి కదా. వాళ్లను జూనియర్ ఆర్టిస్టులంటారు. వాళ్లను పోగుచేసి, బస్సెక్కించి, షూటింగ్‌కు తెచ్చి, మళ్లీ ఇళ్లకు చేర్చడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు కనిపించినప్పుడల్లా, "అన్నా, నువ్వు చేసిన పెద్ద పని ఒకటి చెప్పు" అంటారు. నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మా పనిలో హైజాక్ సినిమా అంత చెడ్డది ఇంకొకటి లేదు. పెళ్లి సీన్లో నిన్నటి పెద్దాయన ఇవాళ రాకపోతే ఇంకో పెద్దాయనకు తలపాగా చుడతాం, ఎవడూ కనిపెట్టడు. విమానంలో అట్లా కుదరదు. కథ జరిగేది నాలుగు గంటలు, మేం తీసేది నాలుగు వారాలు. అన్ని రోజులూ అదే మనిషి, అదే సీటు, అదే చీర, అదే బొట్టు. గాజులు నాలుగుంటే నాలుగే ఉండాలి. గడ్డం మూడు రోజులదైతే నెలంతా మూడు రోజులదిగానే ఉండాలి. అంతమంది జ్వరాలు, చావులు, శుభకార్యాలు అన్నీ ఏజెంటు నెత్తిమీదే ఉంటాయి.

శంషాబాద్ నుంచి పహాడీ షరీఫ్ వెళ్లే దారిలో ఒక పాత గోదాము అద్దెకు తీసుకుని, అందులో విమానం లోపలి భాగం సెట్ వేశారు. ఇరవై వరుసలు, వరుసకు ఆరు సీట్లు. సెట్ మొత్తాన్ని లారీ ట్యూబుల మీద నిలబెట్టారు. ఎనిమిది మంది బలమైనవాళ్లు అటూ ఇటూ గడకర్రలు పట్టుకుని ఊపితే లోపల విమానం కుదుపులో చిక్కుకున్నట్టు కనిపించేది. పక్కనే ఎయిర్‌పోర్టు. నెత్తిమీద నిజం విమానం పోయినప్పుడల్లా ఆ మోతకు మా అబద్ధం విమానం ఆగిపోయేది. అది పోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

నగరంలోని జూనియర్ ఆర్టిస్టులందరినీ అప్పుడు ఒక పెద్ద యుద్ధం సినిమా వాళ్లు ముందే మాట్లాడుకున్నారు. ఇక దారి లేక శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఎండాకాలం, పొలం పనులు తక్కువ. వంద మందికి పైగా వచ్చారు. రోజూ విమానాల కడుపు చూస్తూ పెరిగినవాళ్లే గానీ లోపల ఎట్లుంటుందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. బెల్టు పెట్టుకోవడం, తీయడం నేర్పేసరికే ఒక పూట పోయింది. పేర్లు గుర్తుండక అందరినీ సీటు నంబరుతో పిలవడం మొదలుపెట్టాను. రెండో రోజుకు వాళ్లు కూడా ఒకరినొకరు అట్లాగే పిలుచుకున్నారు. "ఓ తొమ్మిది-సీ, జర నీళ్లందుకో" అనేవాళ్లు.

పదిహేడు-ఏ సీట్లో ఒక అక్క ఉండేది. నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. రెండెకరాల్లో ఆకుకూరలు పండించి, ఆటోలో ఆరాంఘర్ దాకా తీసుకుపోయి అమ్ముకునేది. మనిషి సన్నం. జడ మాత్రం నడుము దాటి ఉండేది, ఇంత లావు. మూడో రోజు దర్శకురాలు మానిటర్‌లో ఆమె ముఖం చూసి, "ఈమెలో మా అమ్మమ్మ కనిపిస్తోందండీ, ముగింపు ఈమెతోనే" అంది. కథ ముగింపులో హైజాకర్ల నాయకుడు ఒక ముసలామెను సీట్లోంచి లాగి తలకు తుపాకీ గురిపెడతాడు. ఆ ముసలామె ఈ అక్క అయింది. అప్పటినుంచి ప్రతి షాట్లోనూ నాయకుడి వెనుక ఆ కిటికీ, ఆ ముఖం, భుజం మీదుగా ముందుకు వేసుకున్న ఆ జడ కనిపించేవి.

దర్శకురాలికి అది మొదటి సినిమా. ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించుకున్న అవకాశం. చిన్న వయసే అయినా మమ్మల్నందరినీ 'అండీ' అని పిలిచేది, తప్పు చేస్తే అదే 'అండీ'తో చీల్చి చెండాడేది. హైజాకర్ల నాయకుడు కాకినాడ వైపు కుర్రాడు, నాటకాలనుంచి వచ్చినవాడు. కెమెరా ముందు పులి. కట్ అనగానే, "అమ్మా, చెయ్యి గట్టిగా పట్టేసుకున్నానా అండి? నొప్పెట్టిందా?" అని వరుస వరుసకూ తిరిగి అడిగేవాడు. ఈ మర్యాద మా కొంప ముంచింది. పదిహేడు-ఏ అక్క వాడి కోసం రోజూ జొన్నరొట్టె, పచ్చడి తెచ్చేది. వాడు తుపాకీ పక్కన పెట్టి, ఆమె పక్క సీట్లో కూర్చుని తినేవాడు.

వారం తిరిగేసరికి విమానంలో ఒక్కరికీ హైజాకర్ అంటే భయం లేదు. వాడు అరుస్తూ వస్తుంటే అందరూ ముద్దుగా చూసేవాళ్లు. దర్శకురాలు మైకు అందుకుని, "అక్కలూ, అన్నలూ, ఆయన మిమ్మల్ని చంపడానికి వచ్చాడండీ! నవ్వకూడదు!" అని మొత్తుకునేది.

"భయమెట్లయితది మేడమ్?" అంది పదిహేడు-ఏ అక్క. "పొద్దుగాల్నే నా రొట్టె తిన్నడు. రొట్టె తిన్నోడు కొడ్తడా?"

విమానమంతా పగలబడి నవ్వింది. ఆ షాట్ పదకొండోసారికి గానీ రాలేదు. చీవాట్లు నాకు పడ్డాయి.

అక్కకు ఒక కూతురు. డిగ్రీ చదివి, ఎయిర్‌పోర్టులో ఒక విమానాల కంపెనీ కౌంటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. అక్కకు షాట్ మధ్యలో కూడా ధ్యాస దానిమీదే ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెకు ఫోనొచ్చింది. విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరో పోయారనుకున్నాం. "బిడ్డకు నౌకరొచ్చింది" అని చెప్పేసరికి విమానమంతా చప్పట్లు కొట్టింది. హైజాకర్ అయితే ఈల వేశాడు.

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు ఆమె నా దగ్గరకు వచ్చింది. "తమ్మీ, రేపు ఐతారం సెలవే గద? గుట్టకు పోయొస్త. బిడ్డ నౌకరీ మీద మొక్కున్నది."

నేను సోమవారం భోజనాల గురించి ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్నాను. ఫోను చేత్తో మూసి, "పోయి రా అక్కా, నా పేరు మీద గూడ ఒక కొబ్బరికాయ కొట్టు" అన్నాను.

ఏం మొక్కు అని అడగలేదు. అన్ని వారాలూ మగవాళ్ల వెంటపడి గడ్డం గీయొద్దు, కటింగ్ చేయించుకోవద్దు, మీసం ముట్టుకోవద్దు అని రోజూ చెప్పిన మనిషిని నేను. ఆడవాళ్లకు గాజుల సంగతి చెప్పాను, బొట్టు సంగతి చెప్పాను. జుట్టు సంగతి చెప్పాలని తట్టనే లేదు. గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోతున్నానని ఒక తల్లి చెబుతుంటే, ఇదే గాలి పీల్చి పెరిగిన నాకు అర్థం కాలేదంటే ఎవరైనా నమ్ముతారా?

సోమవారం పొద్దున బస్సు ఆగింది. పదిహేడు-ఏ అక్క ముసుగు సవరించుకుంటూ, చేతిలో ప్రసాదం పొట్లంతో నవ్వుకుంటూ దిగింది. నా ముందుకొచ్చి పొట్లం చాచింది. ఆ చాచడంలో కొంగు జారింది. నున్నటి గుండు, దానిమీద పసుపుపచ్చటి గంధం. ప్రసాదం అందుకోవడానికి చాచిన నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

ముగింపు తీయడానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. ఆ తర్వాత హీరో వేరే సినిమాకు పోతాడు, గోదాము ఖాళీ చేయాలి. మేకప్ అతను ఒక విగ్గు తెచ్చి పెట్టాడు. అది పెట్టుకున్నాక అక్క పౌరాణికంలో మాంత్రికురాలిలా ఉంది. ఈలోగా దర్శకురాలు వచ్చింది. గుండు చూసింది, గోడమీద అంటించిన పాత షాట్ల ఫోటోల్లో జడ చూసింది. గొంతు పెంచకుండా అడిగింది. "మీకు చెప్పే వెళ్లిందా అండీ?"

నా వెనుక మూడడుగుల దూరంలో అక్క నిలబడి ఉంది. నాకు తెలుసు. "లేదు మేడమ్. నాకు చెప్పలేదు" అన్నాను. అంతటితో ఆగలేదు నేను. "వేరే మనిషిని కూర్చోబెడదాం మేడమ్. వెనుకనుంచి తీస్తే సరిపోతుంది. ఆమెను చివరి వరుసలోకి మార్చేద్దాం, ఆమెకు ఎక్కడైనా ఒకటే" అన్నాను.

అక్క నా వైపు ఒకసారి చూసి, ప్రసాదం పొట్లం కుర్చీ మీద పెట్టి, బయటికి నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

దర్శకురాలు సెట్ మెట్ల మీద కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక నాకు నిలబడబుద్ధి కాలేదు. బయటికి పోయాను. గోదాము నీడలో, మిగిలిన లారీ ట్యూబు మీద అక్క కూర్చుని ఉంది. హైజాకర్ కుర్రాడు పక్కన నిలబడి ఆమెకు నీళ్లసీసా ఇస్తున్నాడు. నన్ను చూసి వాడు లోపలికి వెళ్లిపోయాడు.

"అక్కా, నేను అబద్ధమాడిన" అన్నాను.

"ఇన్న."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే? తమ్ముడే పొమ్మన్నడని ఒక్క మాట అంటివైతే..."

"నీ పని పోతుండె" అంది. "నువ్వు పోతే నీ ఎనుకొచ్చిన గీ మంది పని గూడ పోతది. ఒక్కదాన్ని ఆడ కూసున్నా ఈడ కూసున్నా ఏమాయె అనుకున్న." నేల చూస్తూ మళ్లీ చెప్పింది. "గని తమ్మీ, గా సీటు నాదైపోయింది. కిటికీలకెళ్లి ఏం కనపడదు, ఎనక పచ్చగుడ్డనే. అయినా నాది అనిపిస్తది. నా బిడ్డ రేపు నిజం ఇమానాల కాడ నిలబడ్తది. సినిమా వచ్చినంక మా అమ్మ గూడ ఇమానంల కూసున్నదని చూపెట్టుకుంటది అనుకున్న. గంతే."

నాకు సిగ్గేసింది. నా పని ఊడుతుందని ఆమె సీటు ఊడదీశాను. ఆమె నా పని నిలబెట్టడానికి నోరు మూసుకుంది. ఇద్దరిలో ఎవరు పెద్ద మనిషో చెప్పనక్కర్లేదు.

నేరుగా మెట్ల దగ్గరకు పోయాను. "మేడమ్, ఆమె నాకు చెప్పే పోయింది. నేనే పొమ్మన్నాను. ఏం మొక్కని అడగలేదు. ఇందాక మీతో అబద్ధం చెప్పాను. పంపించాలంటే నన్ను పంపించండి, ఆమె సీటు మార్చకండి."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఇందాక చెప్పినప్పుడు మీ మొహంలో చిన్న తేడా కూడా లేదండీ. నా సినిమాలో అంత బాగా నటించేవాళ్లు ఎవరూ లేరు" అంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. "మిమ్మల్ని పంపిస్తే ఈ వంద మందిని ఎవరు చూస్తారు? లంచ్ దాకా టైమిస్తున్నాను. దారి చూపించండి."

దారి నాకేం దొరుకుతుంది? మళ్లీ అక్క దగ్గరకే పోయాను. ఇద్దరం విమానంలోకెళ్లి ఆమె సీటు దగ్గర నిలబడ్డాం. లోపల అందరూ ఉక్కపోతకు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. అక్క వాళ్లను కాసేపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"తమ్మీ, నిజం ఇమానంల చలి పెడ్తదట గద? నా బిడ్డ చెప్పింది. దూరం పోయే ఇమానాలల్ల చెద్దర్లిస్తరట. మన ఇమానంల చెద్దర్లేవి?"

నేను పరుగెత్తాను. ఆ వయసులో, ఆ ఎండలో పరుగెత్తడం అదే ఆఖరు. దర్శకురాలు సగం వినేసరికే లేచి నిలబడింది. అదృష్టం ఏమంటే సినిమాను కథ వరుసలోనే తీస్తున్నాం, ముగింపు ఒక్కటే మిగిలింది. విమానం దారి మళ్లింది, గంటలు గడిచాయి, లోపల చలి పెరిగింది, ఎయిర్ హోస్టెస్ దుప్పట్లు పంచింది, భయానికీ చలికీ అందరూ తలమీద నుంచి కప్పుకుని ముడుచుకున్నారు. ఒకటిన్నర పేజీ సీను అక్కడికక్కడే రాసింది.

దుప్పట్లు తెచ్చే పని నాది. మే నెలలో ఒకే రంగు దుప్పట్లు వందకు పైగా ఎక్కడ దొరుకుతాయి? శంషాబాద్‌లో పెళ్లిళ్లకు సామాన్లు కిరాయికిచ్చే టెంట్‌హౌస్‌కు పోయాను. "గీ ఎండలకు చెద్దర్లా? ఎవరి పెండ్లన్నా?" అన్నాడు యజమాని. "పెండ్లి కాదు, హైజాక్" అన్నాను. వాడు రెండు అడుగులు వెనక్కి వేశాడు. సంగతంతా చెప్పాక ఎర్ర దుప్పట్ల మూటలన్నీ ఆటోల్లో ఎక్కించాడు. ప్రతి దుప్పటి మూలనా టెంట్‌హౌస్ పేరు తెల్లరంగుతో రాసి ఉంది. ఆ మూలలన్నీ లోపలికి మడవడానికి మాకు గంట పట్టింది. ఒకటి నా కన్నుగప్పింది. సినిమాలో తొమ్మిదో వరుసలో ఇప్పటికీ సగం అక్షరాలు కనబడతాయి.

మర్నాడు ముగింపు తీశారు. రేకుల కింద నిప్పుల కొలిమి. వంద మందికి పైగా తలల మీదుగా దుప్పట్లు కప్పుకుని చెమటలు కారుతూ వణుకుతున్నారు. చెమట తుడవడానికి మేకప్ వాళ్లు చాలక నేనూ ఒక తువ్వాలు పట్టుకున్నాను. ఎవరూ గొణగలేదు. పదిహేడు-ఏ సీటు కోసమని అందరికీ తెలుసు.

గడకర్రల వాళ్లు విమానాన్ని ఊపారు. నాయకుడు అరుస్తూ వచ్చాడు. అక్క చెయ్యి పట్టుకుని సీట్లోంచి లాగాడు. లాగిన విసురుకు దుప్పటి మొత్తం జారి కిందపడింది. కెమెరా ముందు ఆ గుండు, ఆ గంధం, ఆమె ముఖం. ఆమెకు నిజంగానే భయమేసింది. హైజాకర్‌ను చూసి కాదు, సినిమా మళ్లీ పాడుచేశానేమోనని. కుర్రాడు తన మాట మరిచిపోయాడు. తుపాకీ ఉన్న చెయ్యి దింపి, వంగి, దుప్పటి తీసి, రెండు చేతులతో ఆమె తలమీద కప్పాడు. గడ్డం దాకా సర్ది, అట్లాగే నిలబడిపోయాడు. ఆ ఒక్కరోజు మా ప్రయాణికుల్లో ఎవరూ నవ్వలేదు.

దర్శకురాలు కట్ చెప్పలేదు. నేను మానిటర్ వెనుక నిలబడి ఉన్నాను. చాలాసేపటికి, "ఇదేనండీ ముగింపు" అంది మెల్లగా.

గుండు కనబడిన ముక్క తీసేశారు. జారిపోతున్న దుప్పటి, దాన్ని తిరిగి కప్పుతున్న హైజాకర్ చేతులు ఉంచారు. అక్కణ్ణుంచి వాడు మెత్తబడినట్టు కథ మార్చారు. హీరోకు ఒక ఫైటు తగ్గింది, దానికి ఆయన రెండు రోజులు అలిగాడు. సినిమా బాగానే ఆడింది. జనం అంతా ఆ దుప్పటి దగ్గరే కళ్లు తుడుచుకున్నారు. దర్శకురాలికి రెండో సినిమా వచ్చింది, నన్నే పిలిచింది. మొదటి రోజే, "అబద్ధాలేమైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి" అని నవ్వింది. ఆ తర్వాత నేను ఎవరికి సెలవిచ్చినా ఎందుకు, ఎక్కడికి, ఏం మొక్కు అని పోలీసువాడిలా అడిగేవాడిని.

నేను పని మానేసిన ఏడాది పదిహేడు-ఏ అక్క ఫోన్ చేసింది. బిడ్డ తల్లికి విమానం టికెట్ ఇప్పించిందట, తిరుపతికి. "నువ్వు గూడ రా తమ్మీ. బెల్టు పెట్టుడు నేర్పినోడివి నువ్వే. నిజం ఇమానం ఎట్లుంటదో ఇద్దరం సూద్దాం" అంది. ముప్పై ఏళ్లు సినిమావాళ్లతో తిరిగినా నేనూ అప్పటిదాకా విమానం ఎక్కలేదు.

కౌంటర్ దగ్గర యూనిఫాంలో ఉన్నది ఆ బిడ్డే. ఏమీ అడగకుండానే తల్లికి బోర్డింగ్ కార్డు ఇచ్చింది. పదిహేడు-ఏ. నాకు పదిహేడు-బీ. అక్క కార్డు చదివించుకుని, కూతురి చెంప నిమిరింది. అక్క జుట్టు మళ్లీ భుజాలు దాటింది గానీ సగం తెల్లబడింది.

సీట్లలో కూర్చున్నాక ఆమె బెల్టు పెట్టుకుని, నేను నాది ఎక్కడుందో వెతుక్కుంటుంటే నాకూ పెట్టింది. అప్పుడు ఒక పెద్దమనిషి వచ్చాడు. అతని స్నేహితుడు పదిహేడు-సీలో ఉన్నాడు. ఆమెను పలకరించకుండా, ఆమె తలమీదుగా నాతో అన్నాడు. "సార్, మేమిద్దరం కలిసి కూర్చోవాలి. మీరు కిటికీ వైపు జరగండి, పెద్దావిడను చివరి వరుసలోకి, నా సీట్లోకి మార్చేద్దామా? ఆవిడకు ఎక్కడైనా ఒకటే కదా."

అక్క నా వైపు చూసింది. గోదాములో చూసిన చూపే.

"కుదరదండీ" అన్నాను. "అది ఆమె సీటు. ఆమె మారదు."

అతను గొణుక్కుంటూ పోయాడు. విమానం పరుగు తీసి పైకి లేచింది. ఒకసారి కుదిపింది. "ఈడ ఎవరు ఊపుతున్నరో గని, మనోళ్లంత మంచిగ ఊపుతలేరు" అంది అక్క. కింద రోడ్లు, రేకుల కప్పులు చిన్నవవుతున్నాయి. వాటిలో మా గోదాము ఏదో తెలియలేదు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది.

"గీ సారి మంచిగ చెప్పినవ్ తమ్మీ."